ఖయిదీలు విన్న పాట

మా నాన్న పోయిన రాత్రి ఇంటి ముందు టార్పాలిన్ కట్టి చాపలు పరిచారు. చర్చి సంఘం వాళ్ళు పది గంటలకల్లా వచ్చి కూర్చున్నారు. మైకు లేదు, కీబోర్డు లేదు. ఒక డోలక్ ఉంది, అదీ మెల్లగానే. తెల్లవార్లూ పాటలే. ఒకరు అలసిపోతే ఇంకొకరు ఎత్తుకుంటారు, మధ్యలో ప్రార్థన, టీ, మళ్ళీ పాట. క్రైస్తవుల ఇళ్ళల్లో చావింటి రాత్రి అలాగే గడుస్తుంది.

ఎదురింటి పిన్నిగారు ఆ రాత్రంతా వాళ్ళ అరుగు మీదే కూర్చున్నారట. నేను చూడలేదు, నాకంత స్పృహ లేదు. రెండు నెలల తర్వాత ఆవిడ మా అమ్మ దగ్గరికొచ్చి, "ఆ రోజు పడవ పాట పాడారు కదా వదినా, అందులో మాటలు ఒకసారి చెప్తావా?" అని అడిగారు. వాళ్ళబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడు. ఆరు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఆవిడ అడిగిన పడవ పాట "నడిపించు నా నావా, నడి సంద్రమున దేవా". రాసింది ఏ.బి. మాసిలామణి గారు (1914–1990).

ఆ రాత్రి మాలో ఎవరూ పిన్నిగారితో మాట్లాడలేదు. ఆవిడకి సువార్త చెప్పాలని ఎవరికీ తోచే సమయం కూడా కాదది. మేం దేవుడితో మాట్లాడుకున్నాం, ఆవిడ విన్నారు, అంతే. కానీ చాలాసార్లు ఇంటింటికీ తిరిగి పంచిన కరపత్రాలు చేయలేని పని ఆ పాట చేసింది. ఆవిడంతట ఆవిడే వచ్చి అడిగారు.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో తొలినాటి సువార్తికులు పౌలు, సీల ఫిలిప్పీ జైల్లో ఉంటారు. ఒళ్ళంతా దెబ్బలు, కాళ్ళకి బొండ. మధ్యరాత్రి వేళ ఇద్దరూ ప్రార్థన చేస్తూ కీర్తనలు పాడుతున్నారని 25వ వచనం చెబుతుంది. ఆ వచనం చివర రెండే రెండు మాటలున్నాయి: "ఖయిదీలు వినుచుండిరి". వాళ్ళు ఖయిదీలకు పాడలేదు. దేవుడికి పాడారు. ఖయిదీలు విన్నారు.

పాటకీ సువార్తకీ మధ్య ఉన్న చిక్కు మొత్తం ఈ రెండు మాటల చుట్టూ తిరుగుతుందని నా నమ్మకం. మా సంఘంలో పాటలు రాసే పిల్లలు తరచూ అడుగుతుంటారు: నేను రాసేది ఆరాధన పాటా, సువార్త పాటా? బయటివాళ్ళ కోసం రాయాలా, మనవాళ్ళ కోసం రాయాలా? హిందూ పదాలు వాడొచ్చా? రోడ్డు మీద పాడితే కేసు పెడతారా? పాత కీర్తనని కొత్తగా పాడి యూట్యూబ్‌లో పెడితే ఎవరైనా అడ్డుకుంటారా? ఇవన్నీ ఒకే ముడిలా కనిపిస్తాయి కానీ వేర్వేరు దారాలు. విడివిడిగా లాగితే వస్తాయి.

పాట ఎవరితో మాట్లాడుతోంది

ముందు చూడాల్సింది రాగం కాదు, సర్వనామం. "నీవు" అని దేవుణ్ణి పిలిచే పాటలున్నాయి. "మనం" అంటూ సంఘం తనలో తాను చెప్పుకునే పాటలున్నాయి. "నేను" అంటూ తన కథ చెప్పుకునేవి సాక్ష్యపు పాటలు. నాలుగోది "ఓ సోదరా, ఓ పాపీ" అని ఎదుటివాణ్ణి పిలిచేది. కొలొస్సయులకు రాసిన పత్రిక 3:16లో పౌలు "సంగీతములతోను కీర్తనలతోను ఆత్మసంబంధమైన పద్యములతోను" ఒకరికొకరు బోధించుకోమన్నాడు, దేవుణ్ణి గూర్చి గానం చేయమన్నాడు. అంటే ఒకే పాట పైకీ పక్కకీ రెండు వైపులా వెళ్ళగలదని ఆయనకి తెలుసు.

ఈ నాలుగింట్లో నాలుగోదే అన్నిటికన్నా కష్టం. సువార్త అనగానే మనవాళ్ళు ఎత్తుకునేది మాత్రం దాన్నే. మైకు పట్టుకుని "ఓ పాపీ, మేలుకో" అని సాయంత్రం వీధిలో పాడితే, ఆ వీధిలో ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన మనిషికి ఏం వినపడుతుంది? ఎవరో తెలియనివాడు తనని పాపీ అంటున్నాడని. పాడేవాడి మనసులో ప్రేమే ఉండొచ్చు, నేను కాదనను. పాటకి ఆ ప్రేమ ఎక్కలేదు.

దీనికి తెలుగులో మనకెప్పుడో దారి ఉంది. త్యాగరాజు (1767–1847) కృతులు చూడండి. ఎవరికైనా బుద్ధి చెప్పాలనుకుంటే ఆయన "మనసా" అని తన మనసునే పిలుస్తారు. తిట్టినా, బతిమాలినా, నిలదీసినా తన మనసునే. వినేవాడికి అవమానం లేదు. "ఇది ఆయన తనకి తాను చెప్పుకుంటున్నాడు" అనుకుంటూనే తనకీ తగిలించుకుంటాడు. భక్తి కవులు ఎంతోమంది నడిచిన దారి ఇది. ఆశ్చర్యం ఏమిటంటే దావీదు కీర్తనల గ్రంథమూ ఇదే చేస్తుంది. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని 42వ కీర్తన. "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అని 103వ కీర్తన. హెబ్రీ కవి ప్రాణాన్ని పిలిచాడు, తెలుగు కవి మనసుని పిలిచాడు. ఈ రెండూ కలిసేచోట నిలబడి రాస్తే తెలుగు క్రైస్తవ పాటకి బోధ చేసే హక్కు దానంతటదే వస్తుంది. పాత కీర్తనకారులు చాలామంది "మనసా" అని మొదలుపెట్టడం వెనక ఉన్నది ఇదే. మనం దాన్ని పాతకాలపు అలవాటు అనుకుని వదిలేశాం.

పర్లాకిమిడి నుంచి వచ్చిన కీర్తన

తెలుగులో క్రైస్తవ కీర్తన అంటే మొదట చెప్పుకోవలసిన పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, వైష్ణవ సంప్రదాయం. చదివినది, రాసినది తెలుగు. 1833లో ఒడిశాలోని కటకంలో (కటక్) బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత జీవితమంతా ఊళ్ళు తిరుగుతూ ప్రకటించారు, పాడారు. ఆయన రాసిన కీర్తనలు వందకు పైగానే ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పాడుతున్నాం.

ఆ పుస్తకం ఎప్పుడైనా నెమ్మదిగా చూశారా? పాట మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. కొన్నిటికి "ఛాయ" అని ఇంకో పాట మొదటి ముక్క ఇస్తారు. ఆ వరుసలో పాడుకోమని అర్థం. ప్రతి చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట. ఈ అమరిక సంగీతం చదివి రాసినవాడిది, పాడినవాడిది.

ఆయన పాటల్లో ఒక్క పల్లవి దగ్గరగా చూద్దాం.

"త్రాహిమాం క్రీస్తు నాథ దయఁజూడ రావే, నేను దేహి యనుచు నీ పాదములే దిక్కుగాఁ జేరితి నిపుడే."

త్రాహి, దేహి. రెండో అక్షరం రెంటికీ "హి". తెలుగు పద్యంలో ప్రాస అంటే ఇదే. తర్వాత దయ, దేహి, దిక్కు, మూడూ దకారంతోనే. చెవికి ఇది పరాయి పాటలా అనిపించదు. ఇక మాటలు. "త్రాహిమాం" స్తోత్రాల్లోంచి వచ్చిన సంస్కృతం, నన్ను కాపాడు అని. "దేహి" బ్రాహ్మణ వటువు ఉపనయనం నాడు భిక్ష అడుగుతూ పలికే మాట, బిచ్చగాడి మాట కూడా. పుట్టుకతో వచ్చిన గౌరవం ఉన్న మనిషి క్రీస్తు ముందు జోలె పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత "దిక్కు". దిక్కులేనివాడికి దేవుడే దిక్కు అనే సామెత తెలిసిన ఎవరికైనా ఆ మాటకి వివరణ అక్కర్లేదు. రెండు పంక్తుల్లో సంస్కృతం, ఉపనయనం, వీధి సామెత మూడూ వచ్చి కూర్చున్నాయి. ఏదీ అతికించినట్టు లేదు.

ఇక్కడే ఒక వివాదం ఉంది. హిందూ భక్తి పదాలు వాడటం మారువేషమని బయటివాళ్ళు కొందరంటారు. అది రాజీపడటమని లోపలివాళ్ళు కొందరంటారు. రెండు మాటలూ నాకు సరైనవిగా అనిపించవు. మారువేషమైతే పేరు దాచాలి. చౌదరిగారు పల్లవి రెండో మాటలోనే "క్రీస్తు నాథ" అని చెప్పేశారు. ఇక రాజీ అంటారా, ఆయనకి ఏడుపొస్తే ఏ భాషలో ఏడుస్తారు? చిన్నప్పటి నుంచి దేవుడితో మాట్లాడిన భాషలోనే కదా. ఆ భాష ఆయనకి అరువు సొమ్ము కాదు. అయితే ఇవాళ ఎవరైనా పక్కింటివాళ్ళని పడగొట్టడానికి, లెక్కలు వేసుకుని, వాళ్ళ భజనల్లోంచి మాటలు ఏరుకుంటే అది వేరే సంగతి. వినేవాడికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఈ కీర్తనలు చివరికి ఎవరి నోటికి చేరాయో కూడా చెప్పుకోవాలి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం అది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు రెండేళ్ళూ ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. ఆ పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసం చేరారన్న మాట రాకూడదని. విశ్వాసం పంచుకోవడం గురించి ఎవరైనా మాట్లాడేముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే బావుంటుందని నాకనిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టు, కానీ ఆ అన్నానికి ఒప్పుకోలు ధరగా పెట్టకు.

అలా వచ్చినవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళకి పాటే పుస్తకం. ఊరి ఉపదేశకుడు ఒక పంక్తి పాడితే వాళ్ళు తిరిగి పాడేవాళ్ళు, అలా నోటికొచ్చేది. గుడి గడప తొక్కనివ్వని మనుషుల నోట, సంస్కృతం వింటేనే తప్పనిపించుకున్న మనుషుల నోట "త్రాహిమాం" పలికింది. రాగం పలికింది, తాళం పలికింది. నాట్లేస్తూ పాడుకున్నారు. మాటకి మాట అర్థం తెలిసి పాడారా అంటే, చాలామందికి తెలియకపోవచ్చు. మా నాయనమ్మకి కొన్ని మాటలకి అర్థం తెలియదు. కానీ ఏ చోట గొంతు దిగాలో, ఏ చోట కళ్ళు మూసుకోవాలో తెలుసు. అర్థం కాని మాట మనిషిని పాట నుంచి దూరం చేస్తుందని అందరం అనుకుంటాం. ఆవిడ దగ్గర నాకు అలా కనిపించలేదు. మరి ఇప్పుడు రాసేవాళ్ళం సంస్కృతం గుప్పించవచ్చా? వద్దనే నా సలహా. చౌదరిగారికి అది ఊపిరి, మనకి అది డిక్షనరీ.

రక్తంతో ఉతికిన బట్టలు

మళ్ళీ పిన్నిగారి దగ్గరికి వస్తాను. అమ్మ ఆవిడకి పడవ పాట నేర్పాక ఇంకో రెండు పాటలు కూడా వినిపించింది. ఒకదాన్లో గొర్రెపిల్ల రక్తంలో కడుక్కోవడం గురించి ఉంది. పిన్నిగారు మధ్యలో ఆపి, "రక్తం పడితే మరక అవుతుంది గానీ మరక పోతుందా వదినా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. అమ్మకి వెంటనే జవాబు దొరకలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ దొరకలేదు. ఇరవయ్యేళ్ళుగా పాడుతున్న మాట అది.

ఆ మాట ప్రకటన గ్రంథం 7:14 నుంచి వచ్చింది. గొర్రెపిల్ల రక్తంలో తమ వస్త్రాలు ఉదుకుకుని తెలుపు చేసుకున్నారని ఉంటుంది అక్కడ. అది కావాలనే తలకిందులుగా చెప్పిన మాట. దాని వెనక నిర్గమకాండంలో పస్కా రాత్రి గుమ్మాలకి పూసిన రక్తం ఉంది, లేవీయకాండంలో బలిపీఠం మీద చిలకరించిన రక్తం ఉంది. అదంతా తెలిసినవాడికి ఆ పంక్తి ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. మన పిన్నిగారికి మాత్రం బలి అంటే జాతరలో పోతురాజు ముందు కొట్టిన పొట్టేలు. అక్కడ రక్తం అమ్మవారికి ఇచ్చేది. బట్టలుతకడానికి కాదు. రెండు బొమ్మలూ ఆవిడ మనసులో గుద్దుకున్నాయి.

పరిష్కారం ఆ మాట తీసేయడం కాదు. అది మా విశ్వాసపు గుండెకాయ, దాన్ని తీసేస్తే పాటలో మిగిలేది మంచి మాటలే. కానీ ఒకే చరణంలో గొర్రెపిల్ల, సీయోను, కల్వరి, యోర్దాను, అబ్బా తండ్రీ అన్నీ కుక్కి, బయటివాడు విని కరిగిపోవాలని ఆశపడకూడదు. ఒక పాటలో ఒక బొమ్మ చాలు. దాన్ని నిలబెట్టడానికి మిగతా పంక్తులన్నీ పనిచేయాలి. మాసిలామణి గారి పాట పడవెక్కాక పడవ దిగదు. గోదావరి, కృష్ణ, సముద్రం చూసినవాళ్ళకి పడవ ఎవరూ చెప్పి అర్థం చేయించాల్సింది కాదు.

"రక్షణ" అనే మాట ఇంకో ఉదాహరణ. చర్చిలో దాని అర్థం పాపం నుంచి విడుదల. బయట రక్షణ శాఖ, మహిళా రక్షణ. "మీరు రక్షణ పొందారా?" అని అడిగితే ఎదుటివాడు ఏం జవాబు చెప్పాలో తెలియక తికమక పడతాడు. "సాక్ష్యం" అంటే కోర్టు గుర్తొస్తుంది. ఇవి తప్పు మాటలని కాదు, లోపలి మాటలు. లోపల పాడుకునే పాటలో ఉంచుకోవచ్చు, గుమ్మం బయట పాడేటప్పుడు మాత్రం గుర్తుండాలి.

ఒక్క మాట మాత్రం లోపల కూడా వద్దంటాను. "అన్యులు". చర్చికి రాని వాళ్ళందరినీ మనం ఆ మాటతో పిలుస్తాం. పాటల్లో రాస్తాం, ప్రార్థనల్లో అంటాం. పక్కనే ఉన్న మనిషిని, మన చావింటి పాట వింటూ రాత్రంతా తన అరుగు మీద కూర్చున్న మనిషిని అన్యురాలు అంటామా? పైగా బైబిల్లో "అన్యజనులు" అంటే యూదులు కానివాళ్ళు. ఆ లెక్కన తెలుగు క్రైస్తవులం అందరం అన్యజనులమే. మనల్ని చేర్చుకున్న మాటతో ఇంకొకర్ని వెలివేయకూడదు.

పడు, పాడు

స్వరాల గురించి తక్కువే చెప్తాను, కానీ చెప్పకపోతే కుదరదు. మిషనరీలు తెచ్చిన పాశ్చాత్య బాణీల్లో తెలుగు మాటలు కూర్చినప్పుడు ఒక ఇబ్బంది ఎప్పుడూ ఉండేది. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు పంక్తి చాలాసార్లు ఒక్క దెబ్బతో తెగినట్టు ఆగుతుంది. ఆ ఆగే చోట మన మాటకి ఇంకో అక్షరం మిగిలిపోతుంది. దానికంటే పెద్దది గురులఘువుల సంగతి. తెలుగులో అక్షరం పొడవు మారితే అర్థం మారిపోతుంది. "పడు" వేరు, "పాడు" వేరు. బాణీలో పొడుగు స్వరం ఉన్నచోట హ్రస్వం పెడితే, పడిపోయానని రాసింది పాడిపోయానని వినపడుతుంది. పుస్తకంలో చూసి పాడేవాళ్ళకి తెలియదు. గుమ్మం బయట వినేవాడికి మాత్రం అర్థం కాదు, అది తన భాషలా అనిపించదు. అందుకే చౌదరిగారి దారికి అంత విలువ. బాణీ మాటలోంచి పుట్టింది, మాటని బాణీలోకి నెట్టలేదు.

ఇప్పటి పాటలకి ఇబ్బంది ఇంకోటి. స్టూడియోలో మంచి గాయకుడి కోసం పై స్థాయిలో కట్టిన పాట ఆదివారం చర్చిలో జనం అందుకోలేరు. మొదటి చరణం దాకా ప్రయత్నించి తర్వాత చేతులు కట్టుకుని వింటారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ముసలివాళ్ళూ కలిసి పాడాలంటే పాట ఒక స్థాయి, దానికి కాస్త అటూ ఇటూ దాటకూడదు. చావింట్లో ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో కూడా పాడగలగాలి. నా వరకు పాటకి అదే పరీక్ష.

సినిమాకి కూడా ఇందులో పెద్ద చేయి ఉంది. 1978లో వచ్చిన "కరుణామయుడు"లో మోదుకూరి జాన్సన్ రాసిన "కదిలింది కరుణ రథం" ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతులో ఊరూరా మోగింది. ఆ సినిమా ఎన్నో భాషల్లోకి వెళ్ళింది, పల్లెల్లో తెర కట్టి చూపించారు. ఆ పాట కూడా వినేవాణ్ణి పేరు పెట్టి పిలవదు. సిలువ మోస్తూ నడిచే మనిషిని చూపిస్తుంది, చూడమంటుంది. సాహిత్యంలో చూస్తే గుర్రం జాషువా "క్రీస్తు చరిత్ర"కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చర్చి గేటు దాటని పాఠకుల దగ్గరికి పద్యం వెళ్ళింది.

చట్టం ఏమంటుంది

ఈ విషయంలో మనవాళ్ళకి అనవసరమైన టెన్షన్ ఒకటి, అనవసరమైన ధీమా ఒకటి ఉన్నాయి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికే కాదు, ఆచరించడానికీ ప్రచారం చేయడానికీ హక్కు ఇస్తుంది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు దానికి హద్దులు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది. నీ మత సిద్ధాంతాలు వివరించి చెప్పే హక్కు నీకుంది. ఇంకొకర్ని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదు. ఎందుకంటే మనస్సాక్షి స్వేచ్ఛ ఎదుటివాడికీ అంతే ఉంది. దీన్ని విమర్శించినవాళ్ళున్నారు, ఆ చర్చ ఇంకా నడుస్తోంది. పాటలు రాసేవాడిగా నాకైతే ఇందులో ఒక నిజం కనిపిస్తుంది. మనిషిని మార్చడం నా చేతిలో లేదని మా విశ్వాసం కూడా చెబుతుంది. నా వంతు చెప్పడం వరకే.

మన రాష్ట్రం సంగతి వేరే ఉంది. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల పరిధిలో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. పాట కూడా ప్రచారం కిందికే వస్తుందని గుర్తుంచుకోవాలి. చట్టం లేకపోయినా, ఒకరు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన చోట నిలబడి ఆ మొక్కు తప్పని పాడటం మర్యాద కాదు.

మైకు గురించి చట్టం ఇంకా స్పష్టం. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ కూడదు. ఏడాదిలో కొద్ది రోజులకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. అదే ఏడాది చెన్నైలోని ఒక చర్చి కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. డ్రమ్స్, మైకుల మోత భరించలేక కాలనీవాళ్ళు వేసిన కేసు. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చింది. ఈ తీర్పు మనకి వ్యతిరేకమని బాధపడేవాళ్ళని చూశాను. నేను దాన్ని మేలుగానే తీసుకుంటాను. మేం ఒకప్పుడు ఉజ్జీవ సభల్లో నాలుగు వైపులా హారన్లు కట్టి రాత్రి పదకొండు దాకా పాడేవాళ్ళం. అదే వీధిలో ఇంటర్ పరీక్షలకి చదువుకుంటున్న ఒక అమ్మాయి ఉండేది. ఆ సంవత్సరం వాళ్ళ నాన్న నాతో మాట్లాడటం మానేశారు. తప్పు మాదే. మైకు లేని మా నాన్న చావింటి పాట వీధి దాటి ఎదురింట్లోకి, అక్కణ్ణుంచి ఒక మనిషి మనసులోకి వెళ్ళింది. నాలుగు హారన్ల పాట ఎవరి మనసులోకీ వెళ్ళలేదు.

ఇక పాత పాటల హక్కులు. కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. చౌదరిగారి పాటల మాటలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. మాసిలామణి గారు 1990లో పోయారు కాబట్టి ఆయన రచనలకి 2050 చివరి దాకా హక్కు ఉంటుంది. అయితే నిజమైన మతపరమైన వేడుకలో పాడుకోవడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది, పెళ్ళి ఊరేగింపుకి కూడా అది వర్తిస్తుంది. ఆదివారం ఆరాధనలో పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే పాటకి ట్రాక్ చేయించి, వీడియో తీసి, యూట్యూబ్‌లో పెడితే అది వేడుక కాదు, అనుమతి కావాలి. రాసినవారి పేరు వేయకుండా "సాంప్రదాయ గీతం" అని పెట్టేవాళ్ళూ ఉన్నారు. సత్యం గురించి పాడుతూ అలా చేయకూడదు.

మొన్న మా సంఘంలో డిగ్రీ చదివే ఒక అబ్బాయి పాట రాసుకొచ్చాడు. బాణీ బావుంది, గిటార్ మీద వాయించాడు. పల్లవి "ఓ లోకమా విను, నీ పాపం విడువు" అని మొదలవుతుంది. "బాణీ లేకుండా ఒకసారి చదువు బాబూ, ఎదురుగా మీ హాస్టల్లో నీ రూమ్మేట్ కూర్చున్నాడనుకో" అన్నాను. చదవబోయి ఆగిపోయాడు. వాడి రూమ్మేట్ వినాయక చవితికి పందిరి వేసే కుర్రాడట, కిందటేడు వీడికి డెంగీ వస్తే మూడు రాత్రులు ఆసుపత్రిలో పక్కన కూర్చున్నాడట. "వాడికి ఇది ఎలా పాడతానన్నా?" అన్నాడు. "మరి ఆ మూడు రాత్రుల్లో నువ్వేం ప్రార్థన చేశావు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని చెప్పిన రాత్రి తనకి ప్రార్థనే రాలేదని, "ఉన్నావా?" అని ఒక్క మాట మాత్రం పదే పదే అనుకున్నానని చెప్పాడు. కాగితం తిరగేసి ఆ మాట రాసుకున్నాడు. పల్లవి ఇంకా కుదరలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ తెస్తానన్నాడు.